మూడు సెకన్లకో కూత

స్పెయిన్‌లో మావాడింటికి వచ్చిన రెండో రాత్రి నిద్ర పట్టలేదు. విమాన ప్రయాణం తాలూకు అలసటలే అని సరిపెట్టుకుని మంచం మీద దొర్లుతుంటే ఎక్కడినుంచో "ట్యూ" అని వినిపించింది. కాస్త ఆగి మళ్ళీ "ట్యూ". పొగ పసిగట్టే అలారంలో బ్యాటరీ అయిపోతే అలాగే మోగుతుందని మావాడు ఎప్పుడో చెప్పాడు. లేచి హాల్లో లైటు వేసి, స్టూలెక్కి, సీలింగుకి ఉన్న తెల్ల డబ్బాకి చెవి ఆనించాను. అది కాదు. ఫ్రిజ్ కాదు. వైఫై డబ్బా కూడా కాదు.

"ఏవండీ, అర్ధరాత్రి స్టూలెక్కి ఏం వెతుకుతున్నారు?" అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి.

"ఏదో మోగుతోంది."

"మోగనివ్వండి. పడ్డారంటే ఇక్కడ ఆసుపత్రి ఎటుందో కూడా తెలీదు మనకి."

కిటికీ తెరిచాక తెలిసింది, చప్పుడు బయటినుంచి వస్తోందని. వీధి దీపానికి అవతల, ఆలివ్ తోట వైపు. వాచీ చూసుకుని లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై రెండు. ఇంకో నిమిషం లెక్కపెట్టాను. మళ్ళీ ఇరవై రెండే. ఇంత క్రమం తప్పకుండా మోగేది మిషనే అయ్యుంటుంది, తోటలో పంపుసెట్టుకి ఏదో అలారం పెట్టుకున్నారు కాబోలని తీర్మానించుకుని పడుకున్నాను.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. సర్వీసంతా కోనసీమలోనే. లాకులు, తూములు, షట్టర్లు, పూడిక, సార్వాకి నీళ్ళెప్పుడు, దాళ్వాకి ఎన్ని తడులు, ఇదే బతుకు. పిట్టల గురించి నాకు తెలిసింది సున్నా. తెల్లగా ఉంటే కొంగ, నల్లగా ఉంటే కాకి, అంతే. పొద్దున్నే గట్టు మీద మోటార్‌సైకిల్ మీద పోతుంటే కొంగలు లేచేవి. అవి ఎన్ని రకాలో ఎప్పుడూ చూడలేదు. గేజు రాళ్ళ మీద నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయడం మాత్రం చేతికి అలవాటైపోయింది. ఈ వేసవిలో ఆ అలవాటే నన్ను ఆదుకుంది.

మావాడూ కోడలూ బార్సిలోనాలో ఉద్యోగాలు. ఇంటినుంచే పని చేసుకునే వీలు రాగానే ఊళ్ళో అద్దెలు భరించలేక దక్షిణంగా, కాటలోనియా ప్రాంతం చివర్న, ఉల్దెకోనా దగ్గర ఒక చిన్న పల్లెలో రాతి ఇల్లు తీసుకున్నారు. మాకు వీసా ఇచ్చింది తొంభై రోజులకి. జూన్ మొదట్లో దిగాం. ఊరికి పడమర ఎల్స్ పోర్ట్స్ కొండలు, తూర్పున మొంత్సియా అని ఇంకో కొండ వరస, దాని వెనకాల సముద్రం. మధ్యలో మైదానమంతా ఆలివ్ చెట్లే. ఇక్కడి ఫార్గా రకం చెట్లలో వెయ్యేళ్ళు దాటినవి బోలెడున్నాయి. మొదలు చుట్టూ నలుగురం చేతులు పట్టుకుని నిలబడ్డా చుట్టు సరిపోని చెట్టుని మొదటి వారంలోనే చూపించారు. ఆ బోలు మానుల్లో ఎవరెవరు కాపురముంటున్నారో అప్పటికి నాకు తెలీదు.

పక్కింట్లో ముసలి దంపతులు. ఎనభై దాటినవాళ్ళు. ఆ ప్రాంతంలో తాతని యాయో అనీ, మామ్మని యాయా అనీ అంటారు. మా మనవరాలు అలాగే పిలుస్తుంది, మేమూ అదే పట్టుకున్నాం. పొద్దున్నే గోడ మీదనుంచి కోడలి చేత అడిగించాను, మీ పంపుసెట్టు రాత్రంతా మోగుతోందేమిటని. ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పారు. యాయా "షోత్!" అంది. యాయో "తోతిల్!" అన్నాడు. ఇక వాళ్ళలో వాళ్ళకే వాదన మొదలైంది. కోడలు నవ్వు ఆపుకుంటూ చెప్పింది: "మావయ్యగారూ, షోత్ అంటే చిన్న గుడ్లగూబ. తోతిల్ అంటే కప్ప. పెళ్ళైనప్పటినుంచీ వీళ్ళకి ఇదే గొడవట."

గుడ్లగూబకీ కప్పకీ తేడా తెలియకపోవడమేమిటి అనుకున్నాను. ఫోన్లో కూత వినిపిస్తే పిట్ట పేరు చెప్పే యాప్ ఒకటి కోడలు వేసిచ్చింది. రాత్రి కిటికీ దగ్గర పెడితే 'స్కాప్స్ ఔల్' అని చూపించింది. నేను గెలిచినట్టు మొహం పెట్టుకుని మర్నాడు యాయోకి చూపిస్తే, ఆయన ఫోను వైపు చూడనైనా చూడకుండా, "ఆ డబ్బాకి కప్పలు తెలుసా?" అన్నాడు. తెలీదు. అందులో ఉన్నవన్నీ పిట్టలే. కప్పని వినిపించినా ఏదో ఒక పిట్ట పేరే చెబుతుంది కదా. ముసలాయన మాటలో న్యాయముంది.

అలా పడ్డాను ఈ గోతిలో. ఒక రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం తెప్పించుకుని పాత గేజు రిజిస్టర్ లాగా గళ్ళు గీసుకున్నాను. తేదీ, టైము, ఎండ, గాలి, ఏం కనిపించింది, ఏం వినిపించింది.

పగలు చూడటానికి డాబా చాలు. ఊరి చర్చి గంట గోపురం మా డాబాకి వంద గజాల్లో ఉంటుంది. సాయంత్రం ఎనిమిదింటికి, అక్కడ ఇంకా ఎండగానే ఉంటుంది, దాని చుట్టూ నల్లటి పిట్టలు గుంపుగా కీచుమని అరుచుకుంటూ పందెం కట్టినట్టు తిరుగుతాయి. వాటిని స్విఫ్ట్ అంటారని కోడలు చెబితే, "అది కారు కదమ్మా" అన్నాను. ఇక్కడి కాటలాన్ భాషలో వాటి పేరు ఫల్సియోత్. ఫల్స్ అంటే కొడవలి. నిజంగానే రెక్కలు కొడవలి వంపే. ఇవి తినడం, తాగడం, నిద్రపోవడం అన్నీ గాల్లోనేనట. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు వీటి వీపులకి చిన్న పరికరాలు కట్టి చూస్తే, కొన్ని పది నెలలపాటు అసలు ఎక్కడా వాలలేదని 2016లో తేలింది. గూట్లో గుడ్లు పెట్టడానికి తప్ప వాటికి నేలతో పని లేదు.

బైనాక్యులర్ గురించి ఒక మాట. 8×42 అంటారు, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది. మావాడు కొనిచ్చాక వారం రోజులపాటు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో చిన్న గుండ్రం తప్ప నాకేమీ కనిపించలేదు. డబ్బులు దండగ అని మనసులో అనుకున్నాను కూడా. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరుండే రబ్బరు చుట్టుని లోపలికి తిప్పేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ముందు బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకుని తరవాత పిట్టని వెతక్కూడదు. పిట్ట మీదనుంచి చూపు తిప్పకుండా దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. ఈ రెండూ తెలిసిన రోజున కరెంటు తీగ మీద కూర్చున్న ఒక పిట్టని చూశాను. వీపు ఇటుక రంగు, గొంతు పసుపు, పొట్ట నీలి ఆకుపచ్చ. ముక్కులో ఒక కందిరీగ. దాన్ని తీగకేసి రెండు దెబ్బలు కొట్టి, ఒత్తి, ఎగరేసి మింగింది. మన పసిరిక పిట్టకి పెద్దక్కలా ఉంది. యూరప్ బీ-ఈటర్ అట. చలికాలం ఆఫ్రికాలో ఉండి ఏప్రిల్లో ఇక్కడికి వచ్చి ఇసుక గట్లలో బొరియలు చేసుకుంటుంది. ఊరవతల వాగు గట్టులో వాటి బొరియలు నలభై దాకా లెక్కపెట్టాను. కాలువ గట్టుకి ఇన్ని బొరియలుంటే మా ఎస్‌ఈ గారు నాకు మెమో ఇచ్చేవారు.

జూన్ నెలాఖరుకి ఎండ ముప్పై ఎనిమిదికి పోయింది. 23వ తేదీ రాత్రి సాన్ జోన్ పండగ. వీధుల్లో మంటలు, టపాకాయలు, మన భోగీ దీపావళీ ఒకే రాత్రి వచ్చినట్టు. ఆ రాత్రి కూత లేదు. రిజిస్టర్లో 'నిల్' అని రాశాను. మర్నాడు మధ్యాహ్నం మా మనవరాలు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "తాతయ్యా, కారు పిట్ట పడిపోయింది!"

పెంకుల కింద గూట్లోంచి స్విఫ్ట్ పిల్ల పడింది. పెంకులు కాలి గూడు పొయ్యిలా అయితే పిల్లలు తట్టుకోలేక అంచుకొచ్చి పడిపోతాయట. వేసవి వడగాడ్పుల్లో స్పెయిన్ అంతటా ఇది జరుగుతుంది. అరచేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. నలుపు కాదు, మసి పట్టిన గోధుమ రంగు. ఒక్కో ఈక అంచున సన్నగా తెల్ల గీత, ఎవరో చాక్‌పీసుతో గీసినట్టు. కాళ్ళు ఉన్నాయా అని వెతుక్కోవాలి, నాలుగు వేళ్ళూ ముందుకే తిరిగున్న చిన్న కొక్కేలంతే. నా చొక్కా జేబు అంచు పట్టుకుని వేలాడింది. నల్లటి కళ్ళు, లోతుగా. అరవలేదు, కొట్టుకోలేదు.

గాల్లోకి ఎగరేస్తే పోతుందని మావాడు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. గోడవతలినుంచి యాయా కేకేసింది, వద్దని. పిల్లకి రెక్కలు పూర్తిగా రాకపోతే ఎగరేయడమంటే రెండోసారి పడేయడమే. నోట్లో నీళ్ళు పోయకూడదు, రొట్టె ముక్కలు పెట్టకూడదు. అట్టపెట్టెకి కన్నాలు పొడిచి, లోపల గుడ్డ పరిచి, చీకట్లో చల్లగా ఉంచాలి. 112కి ఫోన్ చేస్తే దారి చెప్పారు. ఎబ్రో నది డెల్టాలో కనాల్ వెల్ అనే చోట గాయపడ్డ పిట్టలకీ జంతువులకీ ప్రభుత్వ కేంద్రం ఉంది. సాయంత్రం పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. అక్కడి అమ్మాయి తూచింది, ముప్పై నాలుగు గ్రాములు. రెక్క కొలిచి, ఇంకో పది పన్నెండు రోజుల్లో ఎగిరిపోతుందంది. రసీదు ఇచ్చింది, నంబరుతో సహా. రసీదు చూడగానే నాకు ఆ ఆఫీసు మీద గౌరవం కలిగింది.

అసలు డెల్టాకి మొదటిసారి వెళ్ళింది అంతకు ముందే, జూన్ రెండో వారంలో. అది ఎలా వెళ్ళకూడదో చెప్పడానికి పనికొస్తుంది. పొద్దున టిఫిన్లయ్యి, పులిహోర కట్టుకుని, పదకొండింటికి చేరాం. చేల మీద ఎండ మరుగుతోంది. బైనాక్యులర్‌లో చూస్తే దూరంగా ఉన్నదంతా నీళ్ళలో వణికినట్టు వణుకుతోంది, పిట్టేదో కర్రేదో తెలీదు. ఒక్క అరగంటలో దోమలు మా ఆవిడ చేతుల్ని దద్దుర్లు చేశాయి. "కోనసీమ దోమలు చాలవని ఇంత దూరం తీసుకొచ్చారా?" అంది. కారులో ఏసీ వేసుకుని పులిహోర తిని వెనక్కొచ్చేశాం. రిజిస్టర్: కొంగలు, సుమారు 30, రకం తెలియదు.

జులై మొదటి ఆదివారం నేనూ మావాడూ తెల్లవారుజామున ఐదింటికే బయల్దేరాం. అక్కడ వేసవిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. అరగంట పైచిలుకు ప్రయాణం. మొంత్సియా కొండ చుట్టి దిగగానే నాకు మా ఊరొచ్చినట్టైంది. కంటికి ఆనినంత మేరా వరి. చీకట్లోనే వాసన తెలిసిపోయింది, పంట చేలో నిలవ నీటి వాసన. కొబ్బరి చెట్లు లేవు, అంతే. ఇరవై వేల హెక్టార్ల దాకా వరే. నారు పోసి ఊడ్చడం లేదు, ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు కట్టిన మళ్ళలో విత్తనం వెదజల్లేస్తారు, సెప్టెంబరులో కోత. ఏడాదికి ఒకటే పంట.

పైన చెర్తా దగ్గర నదికి అడ్డంగా వాలుగా ఒక పాత ఆనకట్ట ఉంది, అక్కడినుంచే కుడి ఎడమ కాలువలు తీశారు. కుడి కాలువ కింద వరి 1860లలో మొదలైంది. ఎడమ కాలువకి నీళ్ళొచ్చింది 1912లో. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది, కాబట్టి ఈ విషయంలో కాటన్ దొర ముందు. మావాడు పిట్టల కోసం చూస్తుంటే నేను తూము దగ్గర ఆగిపోయాను. షట్టరు స్క్రూ గేరు అచ్చం మాదే, గ్రీజు మాత్రం పెట్టి ఉంది. తూము గోడకి నీటి పైన గులాబీ రంగు గుత్తులు అంటుకుని ఉన్నాయి, నేరేడు పండంత సైజులో, దానిమ్మ గింజలు అతికించినట్టు. ముచ్చటేసింది. అవి ఆపిల్ నత్త గుడ్లట. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నత్త, 2009లో ఇక్కడ బయటపడింది, లేత వరిని తినేస్తుంది. దాన్ని చంపడానికి కొన్నిచోట్ల రైతులు పంట లేని రోజుల్లో సముద్రపు నీళ్ళు చేలోకి పెట్టారని తరవాత యాయో చెప్పాడు. ఉప్పునీరు చేలోకి రాకుండా గట్లు కాయడంలోనే సర్వీసంతా గడిపినవాణ్ణి, నాకు ఆ మాట మింగుడు పడటానికి చాలాసేపు పట్టింది.

మొదటి పిట్ట గట్టు మీదే కనిపించింది. మట్టి రంగు వీపు, మెడ లోపలికి లాక్కుని, ధ్యానంలో ఉన్నట్టు. "మన గుడ్డికొంగ!" అన్నాను గట్టిగా. అది లేచింది, ఒక్కసారిగా రెక్కలు మల్లెపూవంత తెలుపు. ఎగిరేదాకా తెల్లదనం దాచుకునే గుణం కూడా మన గుడ్డికొంగదే. పుస్తకం చూస్తే వేరే జాతి, స్క్వాకో హెరాన్, మనదానికి పినతండ్రి బిడ్డ. ఆ తరవాత వరసగా చుట్టాలే. ఎర్రటి పొడుగు కాళ్ళ ఉల్లంకి మన దగ్గరున్నదే, తేడా లేదు. ఒక పిట్టపిల్ల పీచు ముద్దలా మడిలో నడుస్తుంటే తల్లి మా నెత్తి మీద తిరుగుతూ తిట్టింది. రెల్లు చాటున నీలబొల్లికోడి, ఎర్ర ముక్కుతో, అంతకంటే పెద్ద ఎర్ర కాళ్ళతో, ఒక కాలితో రెల్లు మొవ్వని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుని కొరుకుతోంది. నల్లగా మెరిసే వంపు ముక్కు ఐబిస్‌లు మడిలో వరసకట్టి, మా ఊళ్ళో కలుపు తీసే ఆడవాళ్ళలా వంగి, అడుగడుగూ నడుస్తున్నాయి. ఒకటి ఎర్ర రొయ్యని పైకి తీసింది. రొయ్యలాంటిదే, క్రేఫిష్ అంటారు, అమెరికా నుంచి తెచ్చింది. గట్లకి కన్నాలు పెడుతుందని రైతులకి దాని మీద కోపం, కొంగలకి మాత్రం పండగే.

ఎన్‌కన్యిస్సాదా అనే పెద్ద మడుగు పక్కన చెక్క మంచె ఉంది. ఎక్కి కూర్చున్నాం. టెర్న్ అనే చిన్న చిన్న బూడిద రంగు పిట్టలు చేల మీద గాలికి ఎదురుగా నిలబడి, దభీమని వాలి, నీటిని ముక్కుతో తాకి లేస్తున్నాయి. వీటిని డిసెంబరులో మా కాలువల మీద వందసార్లు చూసుంటాను, సముద్రపు పిట్టలు అనేసి వదిలేశాను. అక్కడ చలికాలంలో వెలిసిపోయి కనిపిస్తాయి. ఇక్కడ గూడు కట్టే కాలం కాబట్టి నల్లటి టోపీ, చెంపన తెల్ల గీత, పొట్ట బొగ్గు రంగు. మన దగ్గరికి వచ్చేవి ఇవే కావు, ఆసియావైపు నుంచి వస్తాయి. జాతి ఒకటే.

తంకాదా మడుగులో ఫ్లెమింగోలు. నాకు నేలపట్టు, పులికాట్ పేర్లు గుర్తొచ్చి మావాడితో అంటే, "మీరెప్పుడైనా వెళ్ళారా నాన్నా?" అన్నాడు. వెళ్ళలేదు. సూళ్ళూరుపేటలో రైలు ఆగినప్పుడు టీ తాగాను. ఇక్కడవి రెండు వందల పైనే ఉన్నాయి, తలలు తలకిందులుగా నీళ్ళలో పెట్టి, కాళ్ళతో బురద తొక్కుతూ గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇంత అందమైన పిట్టతోనూ రైతుకి గొడవే. రాత్రిళ్ళు కొత్తగా మొలిచిన మళ్ళలో దిగి ఇలాగే తొక్కేస్తాయి. అందుకే చేలల్లో మెరిసే రిబ్బన్లు, ఊగే బొమ్మలు. పిట్టల ఫొటోలు తీసేవాళ్ళు ఆ రిబ్బన్లు చూసి విసుక్కుంటారు. నేను రైతు పక్షమే.

తొమ్మిదింటికల్లా ఎండెక్కింది, మళ్ళీ గాలి వణకడం మొదలైంది. ఇంక చూడటానికేమీ ఉండదు. ఐదుకి లేవగలిగితే వెళ్ళాలి, లేకపోతే సాయంత్రం ఏడు తరవాత వెళ్ళాలి. మధ్యలో వెళ్ళేవాళ్ళు పులిహోర తిని రావాలి.

సాయంత్రం వెళ్ళింది ఇంకో వారానికి, సముద్రపు ఒడ్డుకి. త్రబుకదోర్ అని సన్నటి ఇసుక పట్టీ, ఆరు కిలోమీటర్లు ఉంటుంది, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరులాంటి నిశ్చలమైన అఖాతం. చివర పుంతా దె లా బన్యా, అక్కడ ఉప్పు మళ్ళు, పిట్టల కోసం కట్టడి చేసిన నేల. 2020 జనవరిలో గ్లోరియా అనే తుపాను వచ్చి ఈ పట్టీని తెంపేసి, మూడు వేల హెక్టార్ల పైచిలుకు వరి చేలల్లోకి సముద్రాన్ని తెచ్చింది. పైన మెకినెన్సా, రిబా-రొజా డ్యాములు 1960లలో కట్టాక ఒండ్రు కిందికి రావడం మానేసింది, డెల్టాని సముద్రం కొరుక్కు తింటోంది. ఉప్పాడ వెళ్ళి చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

ఇసుక మీద ఒక చోట తాడు కట్టి ఉంది, లోపలికి రావద్దని. తాడవతల ఏమీ లేదు, గవ్వలూ ఎండు నాచూ తప్ప. పది నిమిషాలు కూర్చుని చూస్తే ఇసుక ముద్ద ఒకటి పరుగెత్తింది. ఆగింది. మళ్ళీ ఇసుకైపోయింది. కెంటిష్ ప్లోవర్ అనే పిట్ట, పిడికెడు కూడా ఉండదు. దాని పిల్ల ఇంకా చిన్నది, బొంగరానికి కాళ్ళొచ్చినట్టుంది. ఎవరో కుక్కని వదిలేశారు. అది తాడు కిందనుంచి దూరగానే తల్లి ఒక రెక్క ఈడ్చుకుంటూ, విరిగిపోయినట్టు కుంటుతూ, కుక్క ముందు నడిచింది. కుక్క వెంటపడింది. యాభై గజాలు అలా తీసుకుపోయి, రెక్క బాగైపోయి, ఎగిరిపోయింది. కుక్క గలవాడు ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాడు. నాకు భాష రాకపోయినా వెళ్ళి తాడు చూపించాను, కుక్కని చూపించాను. అతను "పెర్దో" అన్నాడు. క్షమించమని.

ఒడ్డున గల్ అనే సముద్రపు పిట్టలు నాలుగు, ఎర్ర ముక్కులవి, నిలబడి ఉన్నాయి. చేపల రేవుల్లో పిల్లల చేతిలో చిప్స్ లాక్కునే పసుపు ముక్కు గల్‌లు వేరు. ఇవి ఒదౌన్ గల్‌లు. 1981లో కొన్ని పదుల జంటలు ఆ కొసన మొదటిసారి గూళ్ళు పెట్టాయి. తరవాత పాతికేళ్ళలో, ప్రపంచం మొత్తంలో ఈ జాతి జంటల్లో సగానికి పైగా ఇక్కడే ఉండేంత పెరిగాయి. తరవాత నక్కలు దారి కనిపెట్టాక చాలా వరకు చెదిరిపోయి, ఇప్పుడు రేవుల్లో కూడా గూళ్ళు పెట్టుకుంటున్నాయి.

ఇంతకీ రాత్రి కూత సంగతి. నెల రోజుల రిజిస్టర్ ముందేసుకుని చూస్తే ఒకటి తేలింది. కొన్ని రాత్రులు నిమిషానికి ఇరవై, ఇరవై రెండు, గడియారం కొట్టినట్టు. కొన్ని రాత్రులు లెక్క కుదరడం లేదు. పదకొండు, పదిహేడు, తొమ్మిది. లెక్క కుదరని రాత్రుల్లో గొంతు కూడా పొట్టిగా, చిన్న గాజు గంటలా ఉంటోంది. ఒకటి అంటే కాస్త దూరంగా ఇంకొకటి వేరే శ్రుతిలో జవాబిస్తోంది. లెక్క కుదిరిన కూత మాత్రం కాస్త సాగుతుంది, పిల్లనగ్రోవిలో ఒక్క రంధ్రం మూసి ఊదినట్టు. అదీ ఒకసారి ఆలివ్ తోటలోంచి, ఒకసారి చర్చి వెనకనుంచి వస్తుంది. లెక్క కుదరనిది మాత్రం ఎప్పుడూ యాయో గారి రాతి నీళ్ళతొట్టి దగ్గరే.

టార్చి తీసుకుని యాయోతో పాటు వెళ్ళాను. అడుగు వేస్తే ఆగిపోతుంది. పావుగంట కదలకుండా కూర్చున్నాం, ఆయన మోకాళ్ళు పట్టుకుని. తొట్టి గోడ రాళ్ళ సందులో "టు" అంది. టార్చి వేశాను. నా బొటనవేలంత బూడిద రంగు కప్ప, కంటిపాప నిలువుగా. వెనక కాళ్ళకి దండలా చుట్టుకుని పెసరగింజలంత పసుపు గుడ్లు, ముప్పై ఉంటాయి. అది మగదట. ఆడది పెట్టిన గుడ్లని మగది కాళ్ళకి చుట్టుకుని మోసుకు తిరిగి, పిల్లలు బయటికొచ్చే వేళకి నీళ్ళలో దింపుతుంది. అందుకే దాని పేరు మంత్రసాని కప్ప. యాయో నా వీపు మీద చరిచి, కిటికీ వైపు చూసి భార్యని కేకేశాడు. ఆవిడ కిటికీ మూసేసింది.

గుడ్లగూబ దొరకడానికి మాత్రం జులై 26 దాకా పట్టింది. యాయా ఒకే సూచన చెప్పింది, రాత్రి వెతక్కు, పొద్దున చిన్న పిట్టలు ఎక్కడ గోల చేస్తాయో చూడమని. ఆ రోజు ఎనిమిదింటికి తోట చివర కరూబ్ చెట్టు దగ్గర పిచ్చుకలూ ఇంకేవో పిట్టలూ కలిసి వీధి కుళాయి దగ్గర తగువులా అరుస్తున్నాయి. చెట్టు కింద తెల్లటి రెట్టలు. కొమ్మ కొమ్మా చూశాను. ఇరవై నిమిషాలు. మెడ పట్టేసింది. మాను పక్కన విరిగిన కొమ్మ మొండెం ఒకటి, బెరడు పగుళ్ళతో సహా. దాని మీదనుంచి చూపు మూడుసార్లు దాటిపోయింది. నాలుగోసారి ఆ మొండెం ఒక కన్ను తెరిచింది.

సగమే తెరిచింది, పసుపు గీతలా. జానెడు కంటే చిన్న పిట్ట, ఒళ్ళంతా సన్నగా నిలువుగా బిగించుకుని, తల మీద రెండు చెవి కుచ్చులు నిలబెట్టుకుని. బూడిద, తుప్పు, నలుపు, తెలుపు అన్నీ కలిపి బెరడు గీసినట్టు గీసిన ఈకలు. గాలికి కొమ్మ కదిలితే తనూ అంతే కదిలింది. నేను ఊపిరి బిగపట్టి చూస్తున్నానని మెడనొప్పి వచ్చాకే తెలిసింది. కన్ను మూసేసుకుంది. మళ్ళీ కొమ్మైపోయింది. వంద గ్రాములు కూడా ఉండని ఈ పిట్ట, కీచురాళ్ళనీ చిమటల్నీ తిని, చలికాలానికి సహారా దాటి పోతుంది.

వెనక్కొచ్చి మా ఆవిణ్ణి తీసుకెళ్ళాను. చాలాసేపు చూసి, "ఎక్కడండీ?" అంది. వేలుతో చూపిస్తే, "అయ్యో, పైడికంటె పిల్లలా ఉంది, ఎండలో కూర్చుందేమిటి పాపం" అంది.

యాయో, యాయా ఇద్దరూ గెలిచారు కాబట్టి ఇద్దరూ ఓడినట్టే. ఎవరు ఓడితే వాళ్ళు ఆదివారం అన్నం వండాలని పందెం. ఆగస్టు రెండో ఆదివారం అత్తిచెట్టు కింద బల్ల వేశారు. యాయో కుందేలు మాంసంతో పాయెయా చేశాడు. యాయా సముద్రపు కట్ల్‌ఫిష్ సిరాతో నల్లన్నం చేసింది. మా ఆవిడ పులిహోర కలిపి తీసుకెళ్ళింది, నల్లన్నం గిన్నె మూత తీసి చూసి మళ్ళీ మూత పెట్టేసింది. స్విఫ్టులు జులై ఆఖర్నే వెళ్ళిపోయాయి, గోపురం చుట్టూ ఆకాశం ఖాళీగా ఉంది. భోజనాల మధ్యలో పైనెక్కడో "ప్రూక్, ప్రూక్" మని చాలా గొంతులు. బైనాక్యులర్ ఇంట్లో ఉండిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే ఎత్తున దక్షిణం వైపు ఒక గుంపు, ఎండకి రెక్కలు రాగి రేకుల్లా మెరుస్తూ పోతోంది.

"పసిరిక పిట్టలే కదూ?" అంది మా ఆవిడ, తలెత్తకుండా, యాయా పళ్ళెంలో పులిహోర వడ్డిస్తూ.

ఇంటికొచ్చి రాసుకున్నాను. మధ్యాహ్నం 2.40. దక్షిణం వైపు. అరవై పైనే. గాలి పడమటిది.